స్టెప్నీ చక్రము

యుద్ధభూమియందు దశరథుని రథపు కడసీల ఊడిపోగా, కైక తన వ్రేలిని ఆ స్థానమున నిలిపి రథమును కాపాడెనని మన పల్లెలలో చెప్పుకొనుట కలదు. వాల్మీకమున ఈ వ్రేలి ముచ్చట లేదు; మూర్ఛితుడైన భర్తను రణరంగమునుండి తొలగించి రక్షించెనని మాత్రమే యున్నది. జనశ్రుతి యైనను ఇందొక బండివాని యెఱుక కలదు. ఆ రథములో మఱియొక సీల యుండినచో వరములును లేవు, వనవాసమును లేదు. మన యెడ్లబండ్లలో కందెనగొట్టము ప్రక్కనే అదనపు సీల వ్రేలాడుచుండెడిది.

చెక్కచక్రమునకు గాలి లేదు గావున గాలి పోవు బాధయు లేదు. 1888లో జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టమును తొడిగెను. ప్రయాణము మెత్తనయ్యెను, మేకుల భయము మొదలయ్యెను. తొలినాటి మోటారుబండ్లకు అదనపు చక్రము లేదు. టైరు పగిలినచో దారిప్రక్కన కూర్చుండి అతుకు వేసికొనవలసినదే. 1904లో వేల్సుదేశపు ల్లానెల్లి పట్టణమున డేవీస్ సోదరులు దీనికొక ఉపాయము పన్నిరి. ఆకులు లేని యినుపవలయమునకు గాలి నింపిన టైరు తొడిగి, చెడిన చక్రమును ఊడదీయకయే దాని ప్రక్కన బిగించు సాధనమది. వారి కార్యస్థానము స్టెప్నీ వీధియందుండుటచే దానికి ఆ పేరు వచ్చెను. ఆ వస్తువు ఏనాడో మఱుగుపడినది. పేరు మాత్రము నిలిచినది. ఆ వీధిని ఎన్నడును చూడని తాడేపల్లిగూడెపు లారీడ్రైవరు నేటికిని ఆ పేరునే పలుకుచున్నాడు. బ్రెజిలు దేశస్థులును కొంచెము మార్చి అదే పలుకుదురు.

పిదప చక్రమును చక్రముగనే మార్చు పద్ధతి వచ్చెను. దానిని ఎచ్చట నుంచవలెనను ప్రశ్నయు దానితోనే వచ్చెను. మొదట ప్రక్కమెట్టుపై నిలిపిరి. 1941 మొదలు అమెరికా సైన్యమునకై విల్లీస్ సంస్థ చేసిన జీపునకు వెనుక రేకుపై తగిలించిరి. 1947లో బొంబాయిలో మహీంద్రావారు ఆ విల్లీస్ జీపులనే కూర్చి అమ్మసాగిరి. 1985లో వచ్చిన మారుతి జిప్సీకి అది వెనుక తలుపుపైనుండెను. లారీలకును, ఇన్నోవా వంటి బండ్లకును అడుగున వ్రేలాడును.

ఇక మన సీమ సంగతి. కొల్లేరు కృష్ణా గోదావరుల డెల్టాల నడిమి పల్లము. బుడమేరు, తమ్మిలేరు మొదలైనవి తెచ్చు నీరు అందు చేరి, ఉప్పుటేటి మార్గమున సముద్రమున కలియును. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగిసిన పిమ్మట కాలువలు వచ్చినవి. గోదావరి కాలువయు కృష్ణ కాలువయు ఏలూరున కలిసినవి. నాటి ప్రయాణము కొల్లేట దోనెమీద, కాలువలో పడవమీద. పడవవాడు అదనపు గడను పైకప్పుమీద పెట్టుకొనెడివాడు గాని అడుగున కట్టలేదు. అడుగున కట్టినచో అవసరమునకు చేతికందునా?

నేడు లంకగ్రామములకు దారి పెక్కుచోట్ల చేపలచెరువుల గట్టే. 2006లో అభయారణ్యపు హద్దులోని చెరువులను ప్రభుత్వము పగులగొట్టించెను గాని, దాని వెలుపల గట్లమీద రాకపోకలు సాగుచునే యున్నవి. వానకు నల్లరేగడి జారును. రాత్రివేళ పురిటినొప్పులతోనున్న ఆడకూతును ఏలూరు ఆసుపత్రికి గొనిపోవుచుండగా చక్రము చీలినదనుకొందము. అడుగున నున్న చక్రమును దింపుటకు బురదలో పండుకొనవలెను. బండి క్రుంగినచో అదియు సాగదు. పైకప్పుమీద నుంచినచో ముప్పది కిలోల బరువును చీకటిలో దింపవలెను. పైబరువు బండిని ఊపును. వెనుక తలుపుపై నుండుట మేలే గాని, పెద్ద టైరు తొడిగినచో తలుపుకీళ్ళు సాగి పట్టువదలును.

ఈ చిక్కులు చూచియే వెనుక హిచ్చునకు బిగించు చట్రము వచ్చినది. హిచ్చనగా లాగుడుబండిని తగిలించుటకై వెనుక నుండు చతురస్రపు ఉక్కుగొట్టము. అందులో చట్రపు కాడను దూర్చి సీల వేయుదురు. చక్రమును మోయు చేయి తలుపువలె ప్రక్కకు తిరుగును. నిలుచుండియే చక్రమును తీసికొనవచ్చును. గట్టుదారికి నేను దీనినే మెచ్చుకొందును. కాని ఏతము త్రొక్కినవారికి తెలియును, ఆధారమునకు దూరమైనకొలది బరువు హెచ్చును. రెండడుగుల వెనుక వ్రేలాడు ముప్పది కిలోలు గతుకులలో అంతకు పలురెట్లుగా గుంజును. కావున హిచ్చు బండి అడుగుచట్రమునకే బిగిసియుండవలెను, బంపరు రేకునకు గాదు. కాడ గొట్టములో కదలరాదు. కదలినచో బిగింపుమర వేయవలెను. తిరుగు చేతికి గడియయు, దానిపై సీలయు రెండును కావలెను. చక్రము నంబరుపలకను, వెనుక దీపములను కప్పరాదు. చట్రము మిక్కిలి క్రిందికి దిగినచో గట్టెక్కునపుడు మట్టిని దున్నును. మఱియొకటి: చక్రమున్నంతవఱకు ఆ హిచ్చుతో చేపపిల్లల ట్రాలీని లాగుట కుదరదు. ట్రాలీ లాగువారు తలుపుకీళ్ళనే గట్టిచేయించుకొనుట మేలు.

2020లో కేంద్రప్రభుత్వము నిబంధనలను సవరించి, ట్యూబులేని టైర్లును, గాలి ఒత్తిడిని తెలుపు సాధనమును, అతుకు సామగ్రియు గల చిన్న ప్రయాణికుల బండ్లకు అదనపు చక్రము అక్కఱలేదనెను. నగరమున సరియే. తూము రాతికి ప్రక్కగోడ చీలిన టైరునకు అతుకు నిలువదు. చట్రము చేయించునపుడు, బురదలో జాకీ దిగబడకుండ దానిక్రింద వేయుటకు మందపు టేకుపలక నొకదానిని అందే కట్టించుకొనుడు.