ఊపిరికి కాపలా



నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్ని ఉంచే వార్డు మీలో కొందరు చూసే ఉంటారు. బిడ్డ ముక్కులో సన్నని గొట్టాలు, పక్కన సీసాలో నీళ్ళు హుక్కాలాగా బుడబుడమంటూ ఉంటాయి. దాన్ని సీపాప్ అంటారు. అది అమెరికాలో మొదలైంది. కాని రోగి ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలనే మాట మీద డాక్టర్లు తగవులాడుకున్న రోజుల్లో, ఆ తగవు తీర్చడానికి కూర్చున్నది మన హైదరాబాదులోనే!

1847లో ఎడింబరోలో సింప్సన్ అనే డాక్టరు కాన్పు నొప్పులకు క్లోరోఫాం ఇచ్చారు. 1853లో విక్టోరియా రాణి కూడా పీల్చింది. ఇక అందరికీ ధైర్యం వచ్చింది. అయితే కొందరు ఆ మత్తులోనే ప్రాణం విడిచేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా?

హైదరాబాదు మెడికల్ స్కూలు పెద్ద, రెసిడెన్సీ సర్జన్ లారీ దొర "ఊపిరే" అన్నారు. 1888లో ఒక కమిషన్ వేసి కుక్కల మీద పరీక్షలు చేయించారు. లండన్ లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లిచ్చి, అక్కడి నుంచే ఒక పెద్ద డాక్టర్ని రప్పించారు. ఆయన లాడర్ బ్రంటన్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు నిజాం రాజ్యంలోవే కదా, ఆ డబ్బులో మన తాతముత్తాతల శిస్తు కూడా ఉందనే నేననుకుంటాను. 1889లో మళ్ళీ వందల మూగజీవాల మీద పరీక్షలు. వాటిని తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. తేల్చిందేమిటంటే నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరినే చూడు, అది తడబడగానే నాలుక ముందుకు లాగి, కృత్రిమంగా శ్వాస ఆడించు.

ఇందులో సగమే నిజం. తేలిక మత్తులో గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని 1911లో లెవీ అనే డాక్టరు చూపించారు. అయినా ఊపిరి మీద కన్ను వేసి ఉంచడం మాత్రం మంచి అలవాటే.

ఆ అలవాటును వృత్తిగా చేసుకున్న ఆడమనిషి రూపాబాయి ఫర్దూన్‌జీ. పార్సీల అమ్మాయి. 1885లో అదే స్కూల్లో చేరి 1889లో చదువు పూర్తి చేశారు. కోత కోసేది మరొకరు, మత్తిచ్చి పక్కన కూర్చునేది ఈమె. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరు ఈమేనంటారు. పై చదువుకు 1909లో ఓడెక్కి ఎడింబరో పోయారు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. అక్కడ చదివే ఆడపిల్లల్లో ఎందరికి ఈమె పేరు తెలుసో!

సీపాప్ తెచ్చిన గ్రెగరీ కూడా మత్తు డాక్టరే. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలిగదులు వదిలిన ప్రతిసారీ అతుక్కుపోతాయి. కొత్త బుగ్గ ఊదేటప్పుడు మొదటి ఊదు ఎంత కష్టమో చూడండి! బిడ్డకు ప్రతి శ్వాసా అంత కష్టమే. 1963లో అమెరికా ప్రెసిడెంటు కెన్నెడీ కొడుకే ఇలా రెండు రోజుల్లో పోయాడు. బుగ్గ పూర్తిగా ముడుచుకోకుండా కాస్త ఒత్తిడితో గాలి నిలిపితే? గ్రెగరీ అదే చేశారు. 1971లో అచ్చయిన లెక్క ప్రకారం ఇరవైమంది పసివాళ్ళలో పదహారుమంది బతికారు.

సీసాలో గొట్టం ఎంత లోతు మునిగితే అంత ఒత్తిడి. బుడగలు ఆగాయంటే ఎక్కడో గాలి కారిపోతోందన్నమాట. ముక్కు దగ్గర గొట్టం జారినా, బిడ్డ నోరు తెరిచినా అలా అవుతుంది. పక్కనున్న తల్లి ఆ చప్పుడు వింటూ, ఆగగానే నర్సును పిలవవచ్చు.