ఈస్ట్‌బరీ సౌధం: మిగిలిన ఒక పార్శ్వం

ఇంగ్లండ్‌లోని డోర్సెట్ కౌంటీలో టారంట్ గన్‌విల్ అనే చిన్న గ్రామం ఉంది. ఆ గ్రామం పక్కనున్న ఈస్ట్‌బరీ భవనాన్ని మొదటిసారి చూస్తే, అది ఎవరో సంపన్నుడు కట్టించుకున్న ఇల్లే అనుకుంటారు. రాతి కమానుల వరుస, బరువైన గోడలు అలా అనిపిస్తాయి. కాని మీరు చూస్తున్నది అసలు సౌధం కాదు. దాని ముంగిలికి ఒక పక్కగా కట్టిన గుర్రపుసాలల భాగం.

జార్జ్ డాడింగ్టన్ కోసం ఈ సౌధాన్ని రూపొందించినవాడు సర్ జాన్ వాన్‌బ్రూ. నాటకకర్తగా పేరు పొందాక వాస్తుశిల్పిగా మారిన ఇతడు యౌవనంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మన సూరత్‌లో కొంతకాలం ఉన్నాడు. ఇతని నిర్మాణాల్లో కాజిల్ హోవర్డ్, బ్లెనిమ్ సౌధాల తరవాత పెద్దది ఈస్ట్‌బరీయే. డాడింగ్టన్ 1720లోనూ, వాన్‌బ్రూ 1726లోనూ మరణించారు. వారసుడైన మేనల్లుడు బబ్ డాడింగ్టన్, రోజర్ మోరిస్ చేత నమూనాను కొంత మార్పించి 1738 నాటికి పని పూర్తి చేయించాడు.

1762లో అతడు సంతానం లేకుండా చనిపోగా, ఆస్తి ఎర్ల్ టెంపుల్‌కు చేరింది. ఆయనకు అప్పటికే స్టో అనే గొప్ప ఎస్టేటు ఉంది. ఈస్ట్‌బరీలో కాపురముండేవారికి ఏటా 200 పౌన్లు ఎదురిస్తానన్నా ఎవరూ రాలేదని చెబుతారు. ఇంత ఇంటిని నడపడానికయ్యే ఖర్చును తలచుకుంటే ఇందులో ఆశ్చర్యం లేదు. 1775 నుంచి కూల్చివేత మొదలైంది. గోడలు ఎంత గట్టివంటే తుపాకిమందు పెట్టవలసి వచ్చింది.

గుర్రపుసాలలు మాత్రం ఎందుకు మిగిలాయి? ఒక కుటుంబం నివసించగలిగినంత పరిమాణమే కారణమని భావించవచ్చు. ఛాయాచిత్రణకు తొలి ప్రయోగాలు చేసిన టామస్ వెడ్జ్‌వుడ్ 1805లో ఇక్కడే కన్నుమూశాడు.

ఈ పార్శ్వాన్ని విడిగా చూసి వాన్‌బ్రూ శైలిని అంచనా వేయకండి. గుర్రాల కోసం కట్టినదానికి ఇంత బరువైన రూపం ఎందుకన్న ప్రశ్న వేసుకోండి. వెనక లేచే మహాసౌధానికి ఇది పీఠికలాంటిది. దానికి తగినట్టే దీన్ని దిట్టంగా కట్టారు. కాలిన్ క్యాంబెల్ 1725లో ప్రచురించిన సంపుటంలో వాన్‌బ్రూ ప్లాను ఉంది. అయితే మోరిస్ చేసిన మార్పులు అందులో కనిపించవు. కాబట్టి ఆ ప్లానును, నేడు నిలిచి ఉన్న గోడలను పక్కపక్కన పెట్టి చదవండి.