‘మొద్దు’ అనే మాట వెనక: వాడ పిల్లలు, వైకల్యం, పల్లె బడి

జనగామ దగ్గర మా ఊరి బడికి రెండు గదులు, ఒక్క సారు. అయిదు తరగతులు ఆ ఒక్క సారుకే. 1990ల నాటి మాట ఇది. మా వాడ నుంచి పోయే పిల్లలం గోడకానుకొని వెనక కూసునేటోళ్లం. నా పక్కన కూసునే పిల్లగాడు సారు పిలిస్తే పలకకపోయేది. ఎక్కం చెప్పమంటే నోరు తెరవకపోయేది. వానికి ‘మొద్దు’ అని పేరు పడ్డది. మూడో తరగతిల బడి మాని బర్లెంట పోయిండు. చాన ఏండ్ల తర్వాత వాడకు వచ్చిన వైద్య శిబిరంల తేలింది, వానికి చిన్నప్పటి నుంచే చెవులు సరిగ్గ వినపడవని.

అన్ని రోజులు వానికి వినపడదన్న అనుమానం ఎవ్వరికీ ఎందుకు రాలేదు? ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఇదే. నా జవాబు ముందే చెప్తాను. మా వాడ పిల్లకు చదువు రాకపోవడం ఆ బడిలో వింతగా కనపడలేదు. కులమే ఒక కారణం చెప్పి పెట్టింది కాబట్టి ఇంకో కారణం వెతికే పని ఎవరికీ పడలేదు. దీనివల్ల రెండు అన్యాయాలు ఒకేసారి జరుగుతున్నాయి. ఏ వైకల్యమూ లేని దళిత పిల్లను మొద్దు అంటున్నారు. నిజంగా వైకల్యం ఉన్న దళిత పిల్లకు అది ఉన్నట్టే గుర్తించడం లేదు. మన ఉద్యమాలు మొదటి అన్యాయాన్ని గట్టిగానే నిలదీశాయి. రెండోది మన చర్చలోకే సరిగ్గా రాలేదు.

బడి తలుపు దాకా

దీనికి చారిత్రక కారణం ఉంది. తెలంగాణలో దళితులకు చదువు పోరాటమంటే చాలాకాలం బడి తలుపు తెరిపించే పోరాటమే. 1910లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లోని ఈసామియా బజార్‌లో బడి పెట్టేనాటికి అంటరాని పిల్లలు మిగతా పిల్లలతో కూసొని చదువుకోవడం ఊహకందని సంగతి. జిల్లాల్లో పరిస్థితి ఇంకా ఘోరం. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా విసునూరు దేశ్‌ముఖ్ గుప్పిట్లో ఉండేది. వెట్టి చేసే ఇంట్లో పిల్లలు కూడా దొర గడీ పనికీ, పశువుల కాపుకీ పోవాల్సిందే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన పోరాటం ఆ వెట్టి మీదనే. పిల్లగాని చేతిలో పలక ఉండాలంటే ముందు ఆ చెయ్యి వెట్టి నుంచి విడిపించాలి.

అందుకే మన లెక్క ఎప్పుడూ పేరు నమోదు దగ్గరనే మొదలైంది, అక్కడే ఆగింది. ఎంతమంది బడిలో చేరిండ్రు, ఎంతమంది హాస్టల్లో ఉన్నరు, ఎంతమంది పది పాసైండ్రు అని లెక్కించినం. బడిలోపల ఎవరు వింటున్నరు, ఎవరికి వినపడట్లేదు, ఎవరికి బోర్డు కనపడట్లేదు అని లెక్కించలేదు.

సంక్షేమం ఖాతాలో చదువు

ప్రభుత్వం వైపు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. వైకల్యం ఉన్న పిల్లల్ని వీలైనంత వరకు మామూలు బడుల్లోనే చదివించాలని 1964–66 కొఠారీ కమిషన్ చెప్పింది. దానికోసం 1974లో కేంద్రం ఒక సమీకృత విద్యా పథకం పెట్టింది. అయితే ఆ పథకాన్ని అప్పగించింది విద్యాశాఖకు కాదు, సాంఘిక సంక్షేమ శాఖకు. 1982లో గాని అది విద్యాశాఖ కిందికి రాలేదు. దళితుల చదువునూ హాస్టళ్ల రూపంలో సంక్షేమం ఖాతాలోనే రాసిండ్రు. ఇద్దరి చదువూ హక్కుగా కాక దయగా మొదలైంది. దయగా మొదలైనదాన్ని అడగడానికి పేదోడు జంకుతాడు.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. 1996లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, జనం నోట డీపెప్, అయిదు జిల్లాల్లో మొదలైతే అందులో వరంగల్ ఒకటి. నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎక్కువ భాగం అప్పుడు ఆ జిల్లాలోనివే. కొత్త గదులు, విద్యా వాలంటీర్లు, రంగురంగుల బోధనోపకరణాలు వచ్చినై. తర్వాత సర్వశిక్షా అభియాన్ ఏ పిల్లనూ బడి నుంచి తిప్పి పంపొద్దని రాసుకున్నది. 2009 విద్యాహక్కు చట్టం ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని మొదటినుంచే ప్రతికూల పరిస్థితుల్లో ఉన్న వర్గంగా పేర్కొన్నది. వైకల్యం ఉన్న పిల్లల్ని ఆ జాబితాలో చేర్చడానికి 2012 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. 2016 చట్టం వైకల్యాలను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది. చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందిని కూడా అందులో చేర్చింది.

చట్టాల వరుస బాగానే ఉంది. కానీ కులానికి ఒక గడి, వైకల్యానికి ఇంకో గడి. వినపడని మాదిగ పిల్ల ఈ రెండు గడుల మధ్యలో జారిపోతుంది.

2011 జనాభా లెక్కల్లో ఆ రెండు గడులు కలిసిన చోటు ఒకటుంది. దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు మొత్తం జనాభాలో 2.21 శాతమైతే, ఎస్సీల్లో 2.45 శాతం. ఈ తేడా పుట్టుకలో లేదు. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు తిన్న తిండిలో, కాన్పు జరిగిన చోట, దవాఖానకు పోలేని జ్వరంలో, పనిలో తగిలిన దెబ్బలో వెతకాలె. అదే లెక్కల ప్రకారం 5–19 ఏండ్ల వైకల్యం ఉన్న పిల్లల్లో బడికి పోతున్నది 61 శాతమే. 27 శాతం మంది బడి ముఖమే చూడలేదు.

నల్ల పిల్లల పాఠం

‘మొద్దు’ ముద్ర మనకొక్కరికే వేసింది కాదు. 1971లో అమెరికాలోని కాలిఫోర్నియాలో నల్లజాతి తల్లిదండ్రులు కోర్టుకు పోయిండ్రు. ఐక్యూ పరీక్షలు పెట్టి తమ పిల్లల్ని మందబుద్ధి తరగతుల్లో పడేస్తున్నరని వాళ్ల ఫిర్యాదు. లారీ పి. కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో తేలిందేమంటే, బడి పిల్లల్లో పదో వంతు కూడా లేని నల్లపిల్లలు ఆ తరగతుల్లో నాలుగో వంతుకు మించి ఉన్నరు. 1979లో జడ్జి పెకమ్ ఆ పరీక్షలు నల్లపిల్లల పట్ల పక్షపాతంతో ఉన్నాయని తీర్పిచ్చిండు. అదే 1971లో గ్రెనడా నుంచి పోయి లండన్‌లో పాఠాలు చెప్పిన బెర్నార్డ్ కోర్డ్, వెస్టిండియన్ పిల్లల్ని బ్రిటిష్ బడులు ఎట్ల వెనకబడ్డోళ్లుగా తయారుచేస్తున్నయో ఒక చిన్న పుస్తకంలో విప్పి చెప్పిండు.

అక్కడ ముద్ర వెయ్యడానికి ఒక పరీక్ష, ఒక వేరే గది ఉన్నాయి. అందుకే కోర్టులో పట్టుకోగలిగారు. మన పల్లె బడిలో పరీక్షా లేదు, వేరే గదీ లేదు. వెనక వరుసే ఆ గది. సారు నోటి మాటే ఆ పరీక్ష. కాగితం మీద లేని ముద్రను ఏ కోర్టులో కొట్టేయించాలె?

భాష వేరైతే బుద్ధి తక్కువా?

మహబూబాబాద్ తండాల్లోకి, కొత్తగూడ, గంగారం వైపు కోయగూడేలకి, భూపాలపల్లి అడవి పల్లెలకి పోతే ఈ ముద్ర ఇంకో తీరుగా పడుతుంది. లంబాడీ పిల్ల ఇంట్లో గోర్ బోలి మాట్లాడుతుంది. కోయ పిల్ల కోయ మాట్లాడుతుంది. ఆరేళ్ల పిల్ల ఒకటో తరగతిలో పుస్తకం తెలుగు మొదటిసారి వింటూ ఊరుకుంటే, ఆ మౌనాన్ని బుద్ధి తక్కువ కింద రాసుకోవడం తేలిక. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం వచ్చినంక ఆ మౌనం ఇంకా పెరిగింది. మా వాడ పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. మేం మాట్లాడింది తెలుగే, కానీ పుస్తకంలో ఉన్న తెలుగు కాదు.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. ఇంట్లో పుస్తకం లేని మొదటి తరం పిల్ల మెల్లగా చదవడం వేరు, చదివే తీరులోనే ఇబ్బంది ఉండటం వేరు. పైకి రెండూ ఒక్కతీరుగనే ఉంటయి. ఓపికగా నేర్పి చూసినంకనే తేడా తెలుస్తుంది. నేర్పకముందే తీర్పు చెప్పే బడి ఇద్దరికీ అన్యాయం చేస్తుంది.

పెన్షన్ వచ్చింది, బడి రాలేదు

దళిత ఉద్యమం వైకల్యాన్ని అసలు పట్టించుకోలేదనడం కూడా సరికాదు. 1994 జులై 7న ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరాను నడిపించిన మంద కృష్ణ మాదిగ ఉమ్మడి వరంగల్ జిల్లావాడే. 2007లో వికలాంగుల హక్కుల పోరాట సమితిని పెట్టిందీ ఆయనే. వికలాంగుల పెన్షన్ రాజకీయ ప్రశ్న కావడంలో ఆ పోరాటానికి పెద్ద వాటా ఉంది. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా కింద 1,500 రూపాయలతో మొదలైన ఆ పెన్షన్ 2023లో 4,016కు చేరింది. కూలి ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

కానీ పెన్షన్ కోసం సదరెం శిబిరం ముందు లైను కట్టినట్టు, బడిలో ప్రత్యేక ఉపాధ్యాయుని కోసం మనం లైను కట్టలేదు. నలభై శాతం అని రాసిన సర్టిఫికెట్ పెన్షన్ ఇప్పిస్తుంది. అది అక్షరం నేర్పదు. ముప్పై శాతం వినికిడి లోపమున్న పిల్లకు ఆ కాగితమూ లేదు, ముందు బెంచీ కూడా లేదు.

పేరు సంగతి కూడా చూడాలె. 2015 డిసెంబరులో ప్రధాని ‘దివ్యాంగ్’ అనే మాట ముందుకు తెచ్చిండు. ఇప్పుడు తెలుగులో అంతటా ‘దివ్యాంగులు’ అంటున్నరు. ‘హరిజన’ అన్న మాటతో మన తాతలకు ఏం జరిగిందో గుర్తున్నోళ్లకు ఇది కొత్త కాదు. పేరులో దేవుణ్ని పెట్టి, చేతిలో ఏమీ పెట్టకపోవడం పాత పద్ధతే.

చిన్న బడిని నిలబెట్టుకోవాలె

ఇప్పుడు మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసే రిసోర్స్ టీచర్లు బడులకూ, కదలలేని పిల్లల ఇండ్లకూ తిరుగుతున్నరు. వాళ్ల కష్టం చిన్నది కాదు. కానీ ఊరి నుంచి మండలానికి పిల్లను తీసుకపోవాలంటే తల్లి ఒక రోజు కూలి పోగొట్టుకోవాలె. లేదంటే అక్క బడి మానాలె. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2022 సెప్టెంబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ పోస్టులు రెగ్యులర్‌గా నిండాలని అడగడం ఉపాధ్యాయ సంఘాల పని మాత్రమే కాదు, మన పని కూడా.

పిల్లలు తక్కువున్నరని చిన్న బడిని మూసి పక్కూరి బడిలో కలిపితే, నడవలేని పిల్ల అందరికన్నా ముందు బడి మానుతుంది. ఇరవై మంది ఉన్న బడిలో సారుకు ప్రతి పిల్ల ఇల్లు తెలుసు, తల్లి తెలుసు. అన్ని తరగతులూ ఒకే గదిలో ఉన్నచోట ఎవరి వేగం వాళ్లది కావడానికీ వీలుంది. మనం ఆ బడిని కాపాడుకుంటేనే ఇది అక్కరకొస్తుంది.

ఎస్సీ అనే ఒక్క అంకె లోపల ఎవరెక్కడున్నరో లెక్కించకుంటే న్యాయం జరగదని దండోరా ముప్పై ఏండ్లు చెప్పింది. 2025లో తెలంగాణ వర్గీకరణ చట్టం దాకా ఆ మాట నడిచింది. అదే బుద్ధితో ప్రతి వాడలో, తండాలో ఇంకో లెక్క తీయాలె. ఈ పని చదువుకున్న మన పిల్లలే చెయ్యగలరు, ఏ గ్రాంటూ అక్కర్లేదు.

ఫలానా పిల్లకు చదువు అబ్బదని ఎవరన్న చెప్తే, ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నయి. ఆ పిల్లకు వినపడుతుందా? బోర్డు మీద రాసింది కనపడుతుందా? ఇంట్లో ఏ భాష? పొద్దున ఏమన్న తిన్నదా? పత్తి ఏరే రోజుల్లో ఎన్ని దినాలు బడికొచ్చింది? ఇవన్నీ అడిగినంకనే బుద్ధి సంగతి. మా బడిలో మొదటి ప్రశ్న ఒక్కటి ఎవరన్న అడిగి ఉంటే, నా పక్కన కూసున్నవాడు బర్లెంట పోకపోవు.