రెండో పేరు ఏమైంది?

1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. ఇద్దరు సభ్యుల్ని ఎన్నుకోవాలి, అందులో ఒక స్థానం గిరిజనులకు రిజర్వు. కార్మిక నాయకుడిగా, కేంద్రమంత్రిగా దేశమంతా తెలిసిన వి.వి.గిరి బరిలో ఉన్నారు. ఓట్లు లెక్కపెట్టాక రిజర్వు స్థానం బి.సత్యనారాయణకు దక్కింది. మిగిలినవారిలో అందరికంటే ఎక్కువ ఓట్లు డిప్పల సూరిదొరకు వచ్చాయి. ఆయనా గిరిజనుడే. జనరల్ స్థానం ఆయనదేనని ప్రకటించారు. రిజర్వు స్థానానికి నామినేషన్ వేసిన మనిషికి జనరల్ స్థానం ఎలా ఇస్తారని గిరి కోర్టుకెక్కారు. ఓట్లు ఎవరికి ఎక్కువ వస్తే సీటు వారిదేనని 1959లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలనే ఎత్తేసింది.

గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు, ఆయన పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. ఆయన మీద గెలిచిన సూరిదొర పేరు పార్వతీపురంలోనైనా ఈనాడు ఎంతమందికి తెలుసు?

ఇలాంటి పేర్లను వెతికి పట్టుకునే పని తెలుగు వికీపీడియాలో ఏళ్ళ తరబడి సాగుతోంది. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో రాసేవాళ్ళకు జీతాలు లేవు, వ్యాసం కింద సంతకమూ ఉండదు. మీ ఊరి శాసనసభ నియోజకవర్గం పేజీ తెరిచి చూడండి. దాని పరిధిలోని మండలాలు, ఇంతవరకు గెలిచినవారి పట్టిక ఉంటాయి. ఆ పట్టికలో ఎవరి గురించైనా వ్యాసం ఇంకా రాయకపోతే వారి పేరు ఎర్రగా కనిపిస్తుంది. ఎర్ర లింకు అంటారు దాన్ని. ఎవరో ఒకరు పూనుకుని నాలుగు వాక్యాలు రాస్తే, ఆ మొలక వ్యాసంతో పేరు నీలంగా మారుతుంది.

పట్టిక నింపడమే కదా, అదేమంత పని అనిపించవచ్చు. కూర్చుంటే తెలుస్తుంది. ఆంధ్ర రాష్ట్రానికి 1955లో ఎన్నికలు జరిగాయి. 167 నియోజకవర్గాలు, 196 మంది సభ్యులు. తేడా వచ్చిన 29 స్థానాలూ ద్విసభ్య నియోజకవర్గాలవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణలో మాత్రమే జరిగాయి, 105 స్థానాలకు. ఆంధ్ర ప్రాంతంలో 1955లో గెలిచినవారే 1962 దాకా కొనసాగారు. ఈ సంగతి తెలియకుండా గుంటూరు జిల్లా పట్టికలో 1957 అని ఒక వరుస పెట్టామంటే జరగని ఎన్నికను చరిత్రకెక్కించినట్టే. ద్విసభ్య నియోజకవర్గానికి ఒక్క పేరుతో సరిపెడితే నష్టం ఇంకా పెద్దది. అలా జారిపోయేది చాలాసార్లు రిజర్వు స్థానంలో గెలిచిన దళితుడి పేరో గిరిజనుడి పేరో అవుతుంది.

కామారెడ్డినే తీసుకోండి. 1957లో అక్కడ రిజర్వు స్థానంలో గెలిచినవారు టి.ఎన్.సదాలక్ష్మి. దళిత మహిళ, 1960లో శాసనసభ ఉపసభాపతి అయ్యారు, మంత్రిగానూ పనిచేశారు. 1962లో ఎల్లారెడ్డికి మారి గెలిచారు. 1967లో అదే ఎల్లారెడ్డిలో రిపబ్లికన్ పార్టీ తరఫున నిలబడ్డ జె.ఈశ్వరీబాయి ఆమెను ఓడించారు, 1972లోనూ గెలిచారు. ఇద్దరు దళిత మహిళలు, రెండు వేర్వేరు రాజకీయ మార్గాలు, ఒకే నియోజకవర్గం. మహిళా రిజర్వేషన్ గురించి ఇంతగా మాట్లాడుకుంటున్న ఈ రోజుల్లో ప్రతి డిగ్రీ విద్యార్థికీ తెలిసి ఉండాల్సిన కథ ఇది.

పేర్ల చిక్కు మరొకటి. ఎన్నికల సంఘం పాత నివేదికలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం, పక్కన సత్యనారాయణో నరసింహారెడ్డో. పక్క జిల్లాలో అదే పేరుతో ఇంకొకరుంటారు. ఇద్దరూ ఒకరేనా కాదా తేలాలంటే శాసనసభ ప్రచురించిన సభ్యుల పరిచయ పుస్తకాలు, ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన ఆంధ్రపత్రిక సంచికలు తిరగేయాలి. చర్చాపేజీలో వాదించుకోవాలి. ఒక్క పొడి అక్షరం విప్పడానికి ఇంత శ్రమపడే వారిని చరిత్రకారులనడానికి నేను వెనుకాడను.

2009 ఎన్నికలతో అమల్లోకి వచ్చిన పునర్విభజనలో కంకిపాడు, దుగ్గిరాల, అమరచింత, నేరెళ్ళ, దొమ్మాట లాంటి నియోజకవర్గాలు రద్దయ్యాయి. ఇప్పుడక్కడ టికెట్ ఆశించేవారూ లేరు, పాత సభ్యుల్ని తలుచుకునే సభలూ లేవు. వాటికీ పేజీలు నిలబెట్టాలి.

శాసనసభ కంటే కిందికి దిగితే ఆధారాలు పలచబడతాయి. 1959లో పంచాయతీరాజ్ వచ్చింది మొదలు, 1980ల్లో మండలాలు వచ్చేదాకా గ్రామీణ రాజకీయమంతా పంచాయతీ సమితి ప్రెసిడెంట్ల చుట్టూ తిరిగింది. వారి చరిత్ర రాయడానికి కావలసిన కాగితాలు పాత ఇళ్ళలోనే ఉన్నాయి. మీ తాతగారి ట్రంకుపెట్టెలో ఎన్నికల కరపత్రం, సమితి సావనీరు, తేదీ వేసిన పత్రిక కత్తిరింపు ఉంటే పారేయకండి. స్కాన్ చేయండి. వికీపీడియాలో రచ్చబండ అనే చర్చావేదికలో ఒక మాట రాయండి, అక్కడివాళ్ళు దారి చూపిస్తారు. మీ నాయకుడి మీద పొగడ్తలు మాత్రం వద్దు, అవి నిలవవు. ఆధారం ఉన్న ఒక్క వాక్యం చేర్చండి, చాలు.