తుప్పూ, సొట్టా: పాత కారు మరమ్మతు వెనుక ఉన్న చరిత్ర

పాత మోటారుకారును ముచ్చటపడి ఇంట నిలుపుకొన్నవారికి శత్రువులు ఇద్దరు. ఒకటి సొట్ట, రెండవది తుప్పు. సొట్ట ఒక్క క్షణంలో పడుతుంది, అందరి కంటా పడుతుంది. తుప్పు ఏండ్ల తరబడి చాటున పెరుగుతుంది. మన కంటబడేసరికి రేకుకు చిల్లి పడి ఉంటుంది. ఈ రెండింటినీ ఇంటివద్దనే బాగుచేసికోవచ్చునా? చాలవరకు చేసికోవచ్చును. అయితే గుంటలో లప్పం నింపి, పైన రంగు పూసినంత మాత్రాన బాగుచేసినట్లు కాదు. ఏ పని ముందు చేయాలి, ఏది తరువాత, ఎందుచేత అనే ప్రశ్నలకు సమాధానం సుమారు రెండున్నర శతాబ్దుల విజ్ఞాన చరిత్రలో ఉన్నది.

కొయ్య చట్రం నుండి ఉక్కు డొల్లకు

తొలినాటి కార్ల పైభాగాన్ని గుర్రపు బండ్లు చేసే పనివారే కట్టేవారు. ముందు కొయ్య చట్రం, దానిపై రేకు. ఆ రేకు ఎండావానల నుండి కాపాడే తొడుగు మాత్రమే. బరువు మోసేది చట్రం. అమెరికాలో ఎడ్వర్డ్ బడ్ అనే ఆయన ఉక్కు రేకులను అచ్చులలో నొక్కి, అతికి, కొయ్యతో పనిలేని కారు ఒంటిని తయారుచేశాడు. 1914లో మొదలైన డాడ్జి కార్లకు ఆయన కర్మాగారమే ఇటువంటి ఉక్కు ఒళ్లను సమకూర్చింది. 1934లో ఫ్రాన్సులోని సిత్రోయెన్ కంపెనీ మరొక అడుగు వేసి, విడి చట్రమే లేని కారును పెద్దయెత్తున తయారుచేసింది. అందులో ఉక్కు డొల్లయే చట్రం, చట్రమే డొల్ల.

మన దేశంలో అందరూ ఎరిగిన అంబాసిడరు ఈ జాతిదే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును అనుసరించి, 1950ల చివరి నుండి 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో దీనిని తయారుచేశారు. దాని తలుపుల క్రింద, ముందు చక్రం నుండి వెనుక చక్రం దాకా, పొడవైన పెట్టె వంటి భాగం ఒకటి సాగుతుంది. చూపుకు అది అలంకారపు పట్టీలా ఉంటుంది. నిజానికి అది బండికి వెన్నెముకలో భాగం. దానిని తుప్పు తింటే చెడేది అందం కాదు, బలం. గుద్దుకొన్నప్పుడు లోపలివారిని కాపాడవలసిన భాగం అట్టపెట్టెలా నలిగిపోతుంది. అందుచేత తుప్పును దాచిపెట్టే మరమ్మతు మరమ్మతు కాదు, మోసం.

మేకులు చెప్పిన పాఠం

ఇనుము తడిగాలిలో తుప్పుపడుతుందని అనాదిగా తెలుసు. అది ఎట్లా జరుగుతుందో తెలియడానికి చాలకాలం పట్టింది. తొలి ఆధారం సముద్రం మీద దొరికింది. 1761లో బ్రిటిషు నౌకాదళంవారు ‘అలారం’ అనే యుద్ధనౌక అడుగున పురుగు తొలవకుండా రాగిరేకు తాపడం చేశారు. అది వెస్టిండీసు సముద్రాలకు పోయివచ్చిన తరువాత, 1763లో పరీక్షించి చూడగా, రాగిని తాకిన ఇనుప మేకులు చివికిపోయి ఉన్నాయి. రేకుల చుట్టూ కట్టివచ్చిన గోధుమరంగు కాగితం పొరపాటున ఎక్కడ మిగిలిపోయిందో, అక్కడి మేకులు చెక్కుచెదరలేదు. రెండు లోహాలు ఒకదానినొకటి తాకుతూ ఉప్పునీటిలో ఉంటే ఒకటి నశిస్తుంది; నడుమ అడ్డు ఉంటే నశించదు.

దీని కారణం 1800లో వోల్టా విద్యుత్ ఘటాన్ని నిర్మించిన తరువాత గాని అర్థం కాలేదు. 1824లో హంఫ్రీ డేవీ ఇదే సూత్రాన్ని తిరగవేసి ఉపయోగించాడు. నౌక రాగికి యశదపు లేక ఇనుప ముక్కలను తగిలిస్తే, ఆ ముక్కలు తాము కరిగిపోతూ రాగిని కాపాడాయి. 1903లో అమెరికా రసాయనవేత్త విల్లిస్ విట్నీ ఇనుము తుప్పుపట్టడం కూడ విద్యుద్రసాయన చర్యయే అని వాదించాడు. అంటే తడిసిన ఇనుప రేకు తనలో తానే ఒక చిన్న బ్యాటరీ అన్నమాట.

ఈ మాటలో కారు యజమానికి ఒక హెచ్చరిక ఉన్నది. ఉక్కు రేకు చిల్లికి రాగి, ఇత్తడి ముక్కలతో మాటు వేయరాదు. మేకుల కథ మళ్లీ జరుగుతుంది. ఉక్కుకు ఉక్కే తగిన మాటు.

ఒక్క నీటిబొట్టు

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో యూలిక్ ఎవాన్స్ 1920లలో చేసిన ప్రయోగాలు ఈ విషయాన్ని మరింత తేటపరచాయి. వాటిలో ఒకదానిని ఉన్నత పాఠశాలలో కూడ చేసి చూపవచ్చును. పలుచని ఉప్పునీటిలో కొద్దిగా పొటాసియం ఫెర్రిసైనైడును, రెండు మూడు చుక్కల ఫినాఫ్తలీనును కలపాలి. ఎమరీ కాగితంతో తళతళలాడేటట్లు రుద్దిన ఉక్కు పలకపై ఆ ద్రవాన్ని ఒక్క బొట్టు వేసి, కదల్చకుండా ఉంచాలి. మొదట అక్కడక్కడ రంగులు పొడసూపుతాయి. కొంతసేపటికి బొట్టు నడుమ నీలం, అంచు చుట్టూ గులాబిరంగు స్థిరపడతాయి. ఆ రెండింటికీ మధ్య గోధుమరంగు తుప్పు వలయంగా ఏర్పడుతుంది.

నీలిరంగు ఇనుము కరుగుతున్న చోటును చూపుతుంది, అది ఆనోడు. గులాబిరంగు క్షారం పుట్టిన చోటును చూపుతుంది, అది కాథోడు. అక్కడ గాలిలోని ఆమ్లజని నీటితో కూడి, ఇనుము విడిచిన ఎలక్ట్రానులను గ్రహిస్తున్నది. బొట్టు అంచున పొర పలుచన, కనుక ఆమ్లజని సులువుగా అందుతుంది. నడుమ పొర మందం, కనుక ఆమ్లజని కొరత. ఆశ్చర్యం ఏమంటే, ఇనుము కరిగేది ఆమ్లజని సమృద్ధిగా ఉన్న అంచున కాదు, కొరతగా ఉన్న నడుమనే!

పాత కారు తుప్పుపట్టే తీరంతా ఈ ఒక్క బొట్టులో ఉన్నది. రేకుపై రేకు అతికిన సందులలో, చక్రాల పైకప్పులో బురద కరచుకొన్న చోట, తలుపు అడుగున నీరు పోయే రంధ్రం మూసుకొన్న చోట, తడి ఉంటుంది గాని గాలి ఆడదు. అక్కడే రేకు కరుగుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో గాలిలోని ఉప్పు ఈ చర్యను ఇంకా త్వరపరుస్తుంది. తుప్పుకు పరిమాణం కూడ ఇనుముకంటె ఎన్నో వంతులు ఎక్కువ. కనుక అది రంగును లోపలినుండి పైకి నెట్టి బొబ్బలు లేపుతుంది. కంటికి కనబడే బొబ్బ రోగానికి ముగింపు కాదు, ఆనవాలు మాత్రమే. తుప్పుమీదనే లప్పం పూస్తే, గాలి ఆడని మరొక సందును మన చేతులతో మనమే కల్పించినట్లు అవుతుంది.

ఢిల్లీ స్తంభం, కలంకారీ నలుపు

తుప్పును గీకి, తెగకోసి తీసివేసినా, రేకు గుంటలలో కొంత మిగులుతుంది. దానిని మచ్చిక చేసికొనే ఉపాయాలు రెండు కలవు. మొదటిది భాస్వరికామ్లం. 1906లో ఇంగ్లండులో థామస్ కాస్లెట్ ఇనుమును ఈ ఆమ్లంలో కాచి, దానిపై ఫాస్ఫేటు పొర కట్టించే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ పొర తనకు తానే చాలినంత రక్షణ ఇవ్వదు గాని, రంగును గట్టిగా పట్టుకొంటుంది. ఢిల్లీలో కుతుబ్ మినారు వద్దనున్న ఇనుపస్తంభం సుమారు 1,600 సంవత్సరాలుగా నిలిచి ఉన్నది గదా! ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండుటచేత కాలక్రమాన దానిపై ఫాస్ఫేటు పొర ఏర్పడి కాపాడుతున్నదని కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం 2000 ప్రాంతంలో విశదీకరించాడు.

రెండవ ఉపాయం టానిను. ఇది మన కలంకారీ పనివారికి కొత్త కాదు. పాత ఇనుప ముక్కలను బెల్లపునీటిలో ఊరవేసి వారు కసిమి తయారుచేస్తారు. కరక్కాయ రసం పట్టించిన బట్టపై ఆ కసిమితో గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిను ఇనుముతో కలిసి, నీటికి కరగని నల్లని పదార్థంగా మారుతుంది. నేడు బజారులో ‘తుప్పును మార్చే ద్రవం’ అని అమ్మే వాటిలో పెక్కింటి కీలకం ఇదే. పూసిన కొంతసేపటికి ఎర్రని తుప్పు నల్లబడుతుంది. అయితే ఈ ద్రవాలు పలుచగా అంటుకొన్న తుప్పుమీదనే పనిచేస్తాయి. పొరలు పొరలుగా లేచిన తుప్పును ఏ ద్రవమూ తిరిగి లోహంగా మార్చలేదు. ఉప్పు ఆమ్లంతో తుప్పును వదలించే అలవాటు కొందరికి కలదు. అది మంచిది కాదు. దాని క్లోరైడు శేషం సందులలో నిలిచి తుప్పును మళ్లీ పిలుస్తుంది.

సొట్టకు సుత్తి ఎందుకు, ఎంత?

రేకును కొద్దిగా నొక్కి వదలితే తిరిగి యథాస్థితికి వస్తుంది. హద్దు దాటి నొక్కితే వంగిన చోటనే నిలిచిపోతుంది. అంతేకాదు, వంగిన చోట లోహం బిరుసెక్కుతుంది. ఈ గుణం కంచరివారికి తరతరాలుగా తెలుసు. బిందెను కొంతసేపు కొట్టిన తరువాత కొలిమిలో కాచి, మెత్తబరచి, మళ్లీ కొడతారు. దీనికి శాస్త్రీయమైన కారణాన్ని 1934లో జెఫ్రీ టేలర్, ఎగాన్ ఒరోవాన్, మైకేల్ పొలాన్యీ వేరువేరుగా సూచించారు. లోహపు స్ఫటికాలలోని అణువుల వరుసలలో చిన్న లోపాలు ఉంటాయి. అవి జరుగుటచేత లోహం వంగుతుంది. వంగినకొద్దీ లోపాలు పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడి, ఇక కదలవు. అదే బిరుసు.

అందుచేత సొట్టను నడుమ ఒక్క పెద్ద దెబ్బతో బయటకు నెట్టరాదు. అట్లా చేస్తే బిరుసెక్కిన అంచులు అట్లే ఉండి, నడుమ రేకు సాగిపోతుంది. సాగిన రేకు వ్రేలితో నొక్కితే టపటపమంటుంది. సొట్ట పడినప్పుడు చివరగా వంగినది అంచు; దానినే ముందు సరిచేయాలి. లోపలివైపున డాలీ అనే ఇనుప దిమ్మను గుంట క్రింద ఆనించి, బయట ఉబ్బిన అంచుపై తేలిక సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ, చుట్టు తిరుగుతూ నడుమకు రావాలి.

సుత్తితో తీరని చిన్న హెచ్చుతగ్గులకు పూర్వం సీసం, తగరం కలిపిన లోహాన్ని నింపేవారు. 70 పాళ్లు సీసం, 30 పాళ్లు తగరం గల మిశ్రమం 183 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగనారంభించి, సుమారు 255 డిగ్రీల వద్ద గాని పూర్తిగా ద్రవం కాదు. నడుమ వెన్నముద్దలా ఉంటుంది గనుక చెక్కబద్దతో పులమవచ్చును. కాని సీసపు పొడి విషం. 1950లలో పాలియెస్టరు లప్పం వచ్చి ఆ స్థానాన్ని ఆక్రమించింది. గట్టిపరచే ముద్దను కలిపిన కొన్ని నిమిషాలకే అది బిగుస్తుంది. దానిలోని మెత్తని బలపపురాతిపొడి చెమ్మను పీలుస్తుంది. కనుక దానిని పొడిగానే రుద్దాలి, రుద్దిన వెంటనే రంగుపొర కప్పాలి. మందం రెండు మూడు మిల్లీమీటర్లు మించరాదు. లప్పం లోపాన్ని సరిదిద్దేదే గాని, లేని రేకును పుట్టించేది కాదు.

పని వరుస

ఇప్పుడు వరుస స్పష్టమే. మొదట పరీక్ష. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని బండిపై నడిపితే, మందంగా లప్పం నింపిన చోట అది పట్టు వదులుతుంది. అనుమానమున్న చోట మొనగల ములుకుతో గ్రుచ్చి చూడాలి. బ్యాటరీ తీగలు విప్పాలి. పెట్రోలు తొట్టి దగ్గర నిప్పు పని పెట్టరాదు. కండ్లకు అద్దాలు, ముక్కుకు ముసుగు తప్పనిసరి. పాత రంగులలో సీసం ఉండవచ్చును.

రెండవది, మెరిసే లోహం కనబడేదాకా తుప్పును తొలగించడం. రేకు చివికితే ఆ భాగాన్ని కోసి, అదే మందంగల ఉక్కుముక్కను అతకాలి. బరువు మోసే భాగాలకు ఈ పని నేర్పరియైన వెల్డరు చేతిలోనే జరగాలి. మూడవది, మిగిలిన మరకలకు ద్రవం పూసి, సీసాపై చెప్పినట్లు శుభ్రపరచి, బాగా ఆరబెట్టడం. నాలుగవది సుత్తి పని. అయిదవది ప్రైమరు, దానిపై పలుచని లప్పం, మళ్లీ ప్రైమరు, చివరకు రంగు. వాడుకలోని ఎర్రని రెడాక్సైడులో రంగునిచ్చేది కూడ ఇనుము ఆక్సైడే అన్నది తమాషా అయిన సంగతి. కాని అది రేకునుండి పుట్టలేదు గనుక రేకును తినదు. అయితే ఈ ప్రైమరు ఒక్కటే వేసి నెలల తరబడి వదలరాదు. చెమ్మ దానిగుండా దిగుతుంది. చివరగా, తలుపుల అడుగున, డొల్ల భాగాలలో నీరు పోయే రంధ్రాలను తెరచి, లోపల మైనపు ద్రవం చిమ్మాలి.

ఈ చివరి పనిని చాలమంది మరచిపోతారు. కర్మాగారాలకే అది ఆలస్యంగా తెలిసింది. ఇనుముపై యశదపు పూత సంగతి 1742లోనే ఫ్రాన్సులో మలువాన్ చెప్పాడు. 1837లో సోరెల్ దానికి పేటెంటు పొందాడు. అయినా పోర్షే కంపెనీ 911 కారు ఒంటికి యశదం పూసిన ఉక్కును వాడడానికి 1970ల నడుమ దాకా పట్టింది. కారు ఒంటిని ప్రైమరు తొట్టిలో ముంచి, విద్యుత్తు సహాయంతో మూలమూలలకూ పట్టించే పద్ధతి అమెరికాలో ఫోర్డు కంపెనీలో 1960లలో రూపొందింది. అంతకు ముందటి కార్ల డొల్లలలోనికి రంగు సరిగా చేరనే లేదు. కర్మాగారం చేరలేని ఆ మూలకు నేడు ఇంటి పెరటిలో పనిచేసేవాడు చేరవచ్చును. రంగు మెరుపు పది అడుగుల దూరం నుండి ఎవరైనా చూస్తారు. మరమ్మతు నిలిచేది, నిలవనిది మాత్రం ఎవరూ చూడని ఆ చీకటి సందులో తేలుతుంది.