చదరంగపు గదులలో చంపకమాల

హైదరాబాదు పాతబస్తీలోని ఛత్రినాకలో ఏ యరుగుమీదనైనను చదరంగపు బల్ల పరచి, మొదటి గదిలో ఒక బియ్యపుగింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గదిగదికిని రెట్టించుచు పోయినచో, పదునొకండవ గదికి చేరునవి 1,024 గింజలే గనుక ఎవరికిని భయము కలుగదు; వేయి గింజలు 20 గ్రాములు తూగుననుకొన్న యెడల, ఇరువదియొకటవ గదికి 21 కిలోల సంచిని కిరాణా కొట్టునుండి మోయించుకొని రావలసివచ్చును; ముప్పదియొకటవ గదికి లారీయే కావలెను. అరువదినాలుగు గదులును నిండుటకు నేటి ప్రపంచమంతయు ఆరువందల యేండ్లకు పైగా పండించు బియ్యము కావలసియుండును. ఆ గింజల మొత్తము 18446744073709551615.

ఈ యిరువది యంకెల సంఖ్యను తెలుగువాడొకడు పద్యమున బంధించెను. రాజరాజనరేంద్రుని కాలమువాడని, అనగా 11వ శతాబ్దివాడని, పెక్కుమంది పండితులు తలచు పావులూరి మల్లన, రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసార సంగ్రహమును తెనిగించెను. జనులు దానిని పావులూరి గణితమనిరి. చదరంగపు సంఖ్యను చెప్పు చంపకమాల ఆతని పేరనే ప్రసిద్ధము.

అందలి నేర్పు దగ్గర నిలిచి చూడదగినది. భూతసంఖ్యల పద్ధతిలో అంకెకు బదులు వస్తువు పేరు నిలుచును: మన్మథుని బాణములు 5, దిగ్గజములు 8, ఆకాశము సున్న. చదువుట ఒకట్ల స్థానమునుండి ఎడమకు. ఈ సంఖ్యలో ఒకటి మూడుమారులు వచ్చును. దానికి గుర్తగు చంద్రుని కవి శశి యనియు, చంద్రుడనియు, తుహినాంశుడనియు మూడు పేర్లతో పిలిచెను. రెండు సున్నలకును ఆకాశమునకు గల రెండు పేర్లు వాడెను. ఒక్క పదము జారినను గణము చెడును గనుక, వ్రాయసకాని చేతిలో అంకె రాలిపోవుట కంత సులభముగా వీలులేదు. తెలుగు పిల్లలకు ఎక్కములతోపాటు ఈ పద్యమును నేర్పవలెనని నేను మనసార కోరుచున్నాను. క్రీ.శ. 1000 ప్రాంతమున పండితుడగు అల్ బెరూనీయు తన కాలగణన గ్రంథమున ఇదే సంఖ్యను సాధించెను.

సంఖ్యా స్వభావము మరింత మనోహరము. ఏ గదివరకు కూడినను, మొత్తము తరువాతి గదిలోని గింజలకంటె ఒకటి తక్కువ యగును. ఇరువది యంకెలను కూడిన 87 వచ్చును. అది 3చే భాగింపబడును గనుక సంఖ్యయు భాగింపబడును. చివర 5 కలదు గనుక 5చేతను భాగింపబడును. వర్గముల భేదమును విడదీయు సూత్రమును మరల మరల ప్రయోగించినచో 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆరు గుణకములు బయటపడును. ప్రతిదియు రెండు యొక్క ఒకానొక ఘాతమునకు ఒకటి యెక్కువ; ఆ ఘాతాంకములు 1, 2, 4 అని రెట్టించుచు పోవును. ఇట్టివన్నియు అభాజ్యములేయని 17వ శతాబ్దమున ఫెర్మా తలచెను. కాని 1732లో ఆయిలరు ఆరవదానిని 641, 6700417 అను రెండింటి లబ్ధముగా విడదీసెను. మిగిలిన అయిదింటి లబ్ధము 4294967295; అది చదరంగపు సగము బల్లపై, అనగా మొదటి ముప్పదిరెండు గదులలో నిలుచు గింజల మొత్తము. గాస్ ప్రకటించిన సిద్ధాంతము ననుసరించి, రూళ్లకఱ్ఱతోను వృత్తలేఖినితోను గీయదగిన క్రమబహుభుజులలో భుజముల సంఖ్య బేసియై, నేటివరకు తెలిసినవానిలో మిక్కిలి పెద్దదగునది ఇన్ని భుజములు గలదే.