బొగ్గు కరెంటు ప్లాంటు కట్టాలంటే ఏం కావాలి? ఉదయగిరి, ఆత్మకూరు వాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

నెల్లూరు జిల్లాలో బొగ్గు కరెంటు అంటే కృష్ణపట్నమే. ముత్తుకూరు మండలం నేలటూరులో ఏపీ జెన్‌కో ఆధ్వర్యంలోని శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు రెండు 2015లో ఉత్పత్తిలోకి వచ్చాయి, మూడోదాన్ని 2022 అక్టోబర్‌లో ప్రారంభించారు. అదే తీరంలో పైనంపురం, అనంతవరం దగ్గర 1,320 మెగావాట్ల చొప్పున రెండు ప్రైవేటు ప్లాంట్లున్నాయి. తమ్మినపట్నం వైపు ఇంకో రెండు.

అన్నీ సముద్రం పక్కనే ఎందుకు? బొగ్గు ఓడల్లో వస్తుంది, పోర్టు పక్కనే ఉంది. చల్లబరచడానికి సముద్రపు నీళ్లున్నాయి. ఆత్మకూరు నెల్లూరుకి దాదాపు 60, ఉదయగిరి దాదాపు 100 కిలోమీటర్లు పడమర. ఇక్కడ ఆ రెండూ లేవు.

నీళ్ల లెక్క వేసి చూడండి. మంచినీటి మీద నడిచే కొత్త ప్లాంటు ఒక మెగావాట్-అవర్ కరెంటుకి 3 ఘనపు మీటర్లకు మించి నీళ్లు వాడకూడదని కేంద్రం నిబంధన. 800 మెగావాట్ల యూనిట్ నిండుగా నడిస్తే రోజుకి 5 కోట్ల 76 లక్షల లీటర్లు, ఏడాదికి ముప్పావు టీఎంసీ దాకా. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు కదా, అందులో ఇదెంత అనిపిస్తుంది. కానీ ఆ డ్యాము ఏటా నిండదు. అదే నీళ్ల కోసం హైలెవల్ కాలువ కింద మెట్ట మండలాలు ఎదురుచూస్తున్నాయి. ఉదయగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ పాతదే. ఇక బూడిద సంగతి: మన దేశపు బొగ్గయితే ఆ యూనిట్ రోజుకి సుమారు 12 వేల టన్నులు కాలుస్తుంది, మూడో వంతు బూడిదే మిగులుతుంది. అంటే దాదాపు 4 వేల టన్నులు, ప్రతిరోజూ. దాన్ని ఎక్కడ పోస్తారన్నదే మొదట అడగాల్సిన మాట.

ప్లాంటు వస్తుందన్నారంటే వచ్చినట్టు కాదు. కృష్ణపట్నం దగ్గరే 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టును 2007లో రిలయన్స్ పవర్ యూనిట్ రూ.2.33 ధరకి దక్కించుకుంది. ఇండోనేషియా బొగ్గు ధరల నిబంధనలు మార్చేసరికి పని ఆగిపోయింది. ఒక్క యూనిట్ కరెంటు రాలేదు. ఉద్యోగాల ఆశతో భూమి ఇచ్చే కుటుంబాలు గుర్తుంచుకోవాల్సిన ఉదాహరణ ఇది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ ప్లాంటును వ్యతిరేకించిన జనం మీద 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని అదే రోజు అప్పీలు సంస్థ రద్దు చేసింది.

500 మెగావాట్లు, అంతకు మించిన బొగ్గు ప్లాంటుకి అనుమతి ఇచ్చేది ఢిల్లీలోని పర్యావరణ శాఖ. దానికి ముందు 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి, కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పంచాయతీలో చూసుకోవచ్చు. సభకి కలెక్టర్ గానీ, ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్‌కి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు, అంతా వీడియో తీస్తారు. ఇంతమంది రావాలన్న కోరం లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే లెక్క, కాబట్టి ఇంట్లో కూర్చుంటే నష్టం మనకే. ఆడవాళ్లు కూడా మాట్లాడొచ్చు, మాట్లాడలేకపోతే రాసివ్వొచ్చు.

భూసేకరణ మాట వస్తే మస్జిద్ కమిటీలు ఇంకో పని చూసుకోవాలి. ఖబ్రస్తాన్, దర్గా, మస్జిద్ ఇనాం భూములు వక్ఫ్ రికార్డులో ఏ సర్వే నంబరు కింద ఉన్నాయో, రెవెన్యూ అడంగల్‌లో ఎలా ఉన్నాయో ముందే సరిపోల్చుకోవాలి. వక్ఫ్ భూమి సేకరణలో ఉంటే అవార్డుకి ముందే వక్ఫ్ బోర్డుకి నోటీసు ఇవ్వాలని వక్ఫ్ చట్టం 91వ సెక్షన్ చెబుతోంది. సొంత పొలాలకైతే తాతల పేరు మీదే ఉండిపోయిన పాస్‌బుక్కులే పెద్ద చిక్కు. వారసత్వం ఎక్కించకపోతే పరిహారం దగ్గర అన్నదమ్ములే తగువు పడతారు.

అనుమతి వచ్చాక అభ్యంతరం ఉంటే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి అప్పీలు వేయాలి. గడువు 30 రోజులు. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజుల వరకు ఇస్తారు, ఆ తర్వాత తీసుకోరు.